లిస్టు ఇచ్చే ముందు

ఎండాకాలం టోర్నమెంటులో లీగ్ మ్యాచ్‌లు సగం దాటేసరికి, ఓడిన జట్ల కెప్టెన్లు చెవికానించిన ఫోను దించరు. ఆదోనిలో మంచి ఫాస్ట్ బౌలరు ఉన్నాడంటారు, గుంతకల్లులో సిక్సర్లు కొట్టేవాడొకడు ఖాళీగా ఉన్నాడంటారు. నాకౌట్‌కు ముందే ఆటగాళ్ల లిస్టు ఇచ్చేయాలి. ఇచ్చాక బయటివాళ్లను దింపడానికి లేదు. పత్తికొండ చుట్టుపక్కల ఆటలకు ఏళ్లుగా స్కోరు రాస్తున్న నాకు ఫైనల్ కంటే ఈ నాలుగు రోజులే ఇష్టం. పడిన జట్టు లేవాలంటే ఇప్పుడే లేవాలి. తొలకరి పడిందా, నేల మెత్తబడి ఆట ఆగిపోతుంది. చూసే జనంలో సగం మంది జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతకడానికి పోతారు.

స్కోరు రాయడమంటే పరుగులు కూడడమే అనుకుంటారు చాలామంది. పుస్తకంలో నేను ముందు చూసేది చుక్కలను. పరుగు రాని బంతికి చుక్క పెడతాం. ఓవరంతా చుక్కలే అయితే ఆ ఆరింటినీ కలిపి ఎం అక్షరం గీస్తాం, అది మెయిడెన్. అందులో వికెట్ కూడా పడితే డబ్ల్యూ. బ్యాటింగ్ వైపు చుక్కలు తగ్గి ఒకట్లు పెరుగుతున్నాయంటే, బౌలింగ్ వైపు వైడ్లు పలచబడుతున్నాయంటే, ఆ జట్టు ఊపందుకుంటోందని అర్థం. ఓడిన మ్యాచ్ పేజీలోనే ఇది కనబడుతుంది. పాయింట్ల పట్టికకు ఎక్కడానికి ఇంకా రెండు మూడు ఆటలు పడుతుంది. ఈలోపు కెప్టెన్ బెదిరిపోయి జట్టునంతా మార్చేయకుండా ఆ పేజీ అతని ముందు పెట్టడం కూడా స్కోరరు పనే.

ఈ మాట వచ్చినప్పుడల్లా కుర్రవాళ్లకు నేను దక్కన్ చార్జర్స్ సంగతి చెబుతాను. అప్పుడు హైదరాబాదు మన రాజధాని, అది మన జట్టు. 2008లో తొలి ఐపీఎల్. గిల్‌క్రిస్ట్, లక్ష్మణ్, గిబ్స్, రోహిత్ శర్మ, ఆర్పీ సింగ్ ఉన్నారు. సైమండ్స్ కోసం 13.5 లక్షల డాలర్లు పోశారు. ఇంతమంది ఉండీ 14 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే. ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం.

మరుసటి ఏడాది ఎన్నికల వల్ల టోర్నీ దక్షిణాఫ్రికాకు పోయింది. గిల్‌క్రిస్ట్ కెప్టెన్, డారెన్ లీమన్ కోచ్. మొదటి నాలుగు మ్యాచ్‌లూ గెలిచారు, తర్వాత పట్టు జారింది. మే 16న జొహనెస్‌బర్గ్‌లో కోల్‌కతా మీద ఆఖరి ఓవర్లో 21 పరుగులు కావాలి. బంతి మష్రఫే మొర్తజా చేతిలో. 22 ఏళ్ల రోహిత్ ఆఖరి బంతిని సిక్సర్ కొట్టి గెలిపించాడు. లీగ్ ముగిసేసరికి లెక్క ఏడు గెలుపులు, ఏడు ఓటములు. ఆ రెండు పాయింట్లు రాకపోతే సెమీఫైనలే లేదు.

సెమీస్‌లో పట్టికలో మొదటి జట్టయిన ఢిల్లీ మీద గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టాడు. మే 24న ఫైనల్లో అదే గిల్‌క్రిస్ట్‌ను మొదటి ఓవర్లోనే కుంబ్లే సున్నాకు పంపేశాడు. గిబ్స్ చివరిదాకా నిలబడి 53 చేశాడు. 143 పరుగులు కాచుకుని, బెంగళూరును 137 దగ్గర ఆపి, ఆరు పరుగులతో గెలిచారు. టోర్నీలో అందరికంటే ఎక్కువ వికెట్లు, 23, ఆర్పీ సింగ్‌వి. ముందటేడు ఆఖరున నిలిచిన జట్టులో ఉన్నవాళ్లే వీళ్లంతా. ఎవరు ఎప్పుడు ఏ పని చేయాలో ఈసారి కుదురుకుంది.

ఓడిన బెంగళూరు కథ కూడా తక్కువది కాదు. 2008లో వాళ్లది ఏడో స్థానం. 2009లో 15.5 లక్షల డాలర్లకు పీటర్సన్‌ను తెచ్చి కెప్టెన్‌ను చేశారు. ఆరు మ్యాచ్‌ల్లో రెండే గెలిచి, అతను ఇంగ్లండ్ ఆటకు వెళ్లిపోయాడు. పగ్గాలు కుంబ్లే తీసుకున్నాకే ఆ జట్టు ఫైనల్ దాకా నడిచింది.

అలాగని బయటివాణ్ని తేవడమే తప్పని నేననను. అమెరికా బేస్‌బాల్‌లో 30 జట్లు ఒక్కొక్కటీ 162 మ్యాచ్‌లు ఆడతాయి. ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకోవడానికి జులై నెలాఖరు ప్రాంతంలో గడువు తీరిపోతుంది. 2021లో అట్లాంటా బ్రేవ్స్ జట్టుకు ఆ గడువు నాటికి గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. వాళ్ల మేటి ఆటగాడు అకూన్యా మోకాలు దెబ్బతిని ఇంటిదారి పట్టాడు. అతను కాసేది మైదానం వెనక భాగం. అందుకని ఆ నెలలో అక్కడ కాయగలవాళ్లనే నలుగురిని తెచ్చుకున్నారు. వాళ్లలో ఒకడైన హోర్హే సోలేర్, ఆ ఏడు అట్లాంటా గెలిచిన వరల్డ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఖాళీ ఎక్కడుందో కచ్చితంగా తెలుసుకుని తెచ్చుకున్నారు కాబట్టి పనికొచ్చారు.

మొన్నటి టోర్నీలో ఒక కుర్ర కెప్టెన్ వచ్చి అడిగాడు: "అన్నా, గుంతకల్లు బ్యాట్స్‌మన్‌ను పిలుస్తామా? దుడ్లు అడుగుతాండాడు." పుస్తకం తిప్పి చూపించాను. "సూడప్పా, నీకు సిక్సర్లు తక్కువ కాలేదు. ఏడో ఓవరు నుంచి పదకొండో ఓవరు దాకా అన్నీ చుక్కలే." వాళ్ల వికెట్ కీపరు ఎనిమిదో స్థానంలో దిగి ప్రతి ఆటలోనూ ఒకట్లు తీస్తున్నాడు. వాణ్ని నాలుగో స్థానానికి తెచ్చారు. జట్టులో ఎడమచేతి బౌలరు లేడు కాబట్టి ఆదోని నుంచి ఒకణ్ని పిలిచారు, అంతే. వరసగా గెలిచి సెమీస్‌కు వచ్చారు. అక్కడ ఓడారు గానీ మధ్య ఓవర్లలో మాత్రం తడబడలేదు.

ఈ ఏడాది లిస్టు గడువు ఆదివారం సాయంత్రం. ఓడిన జట్ల కెప్టెన్లు శనివారం ఆట అయిపోయాక నా దగ్గరికి రండి. ఏ ఊరివాళ్లయినా సరే. మీ పేజీలు మీకు చూపిస్తాను, ఖాళీ ఎక్కడుందో కలిసి వెతుకుదాం. ఫోను ఎవరికి చేయాలో, అసలు చేయాలో వద్దో, తర్వాత మీరే తేల్చుకోండి.