ఊపిరికి కాపలా

కిష్టారెడ్డిపేట నుంచి విశాఖ రుషికొండ తీరం ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. అయినా దగ్గరలోని పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో కంప్రెసర్లు, వాల్వులు, గేజీలతో రోజూ మెలిగేవారికి, ఆ తీరంలో డైవర్లు నీటి అడుగున ఊపిరికి వాడే స్కూబా సామాను కొత్తగా అనిపించదు.

సిలిండర్లో 200 బార్ల పీడనంతో నింపిన గాలిని నేరుగా పీల్చలేం. రెగ్యులేటర్ మొదటి దశ దాన్ని నీటి పీడనానికి మించి సుమారు 10 బార్లకు దించుతుంది. నోట్లో పెట్టుకునే రెండో దశ, ఊపిరి లాగినప్పుడే, చుట్టూ ఉన్న నీటి పీడనానికి సరిపడా వదులుతుంది. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ ఈవ్ కూస్తో, ఎమీల్ గాన్యాన్ రూపొందించిన ఆక్వాలంగ్ మూలసూత్రం ఇదే.

రెగ్యులేటర్‌ను విప్పి బాగుచేసే మెకానిక్‌కు దక్కాల్సినంత మెప్పు దక్కలేదు. ఉప్పు పేరుకున్న భాగాలు కడిగి, అరిగిన ఓ-రింగులు మార్చి, రెండు దశల నడుమ పీడనాన్ని గేజీతో కొలుస్తాడు. ముల్లు ఆగకుండా మెల్లగా పైకి పాకుతుంటే లోపలి వాల్వు సీటు అరిగిందన్న అనుమానం. పట్టించుకోకపోతే నీళ్లలో గాలి ధారగా పొంగుకొస్తుంది.

పొంగినా కంగారుపడకుండా పీల్చడం శిక్షణలోనే నేర్పుతారు. పెదవులు బిగించకుండా, మిగులు గాలిని పక్కల నుంచి పోనివ్వాలి. మాస్కులో నీరు చేరితే పైఅంచు అదిమి ముక్కుతో ఊదాలి. ఊపిరి మాత్రం ఎన్నడూ బిగబట్టకూడదు.

పది మీటర్ల లోతులో పీడనంతో పాటు గాలి ఖర్చూ రెట్టింపవుతుంది. అందుకే దిగేముందు జంట డైవర్లు ఒకరి సామాను ఒకరు తడిమి చూసుకుంటారు. పీలుస్తున్నప్పుడు గేజీ ముల్లు ఊగితే, వాల్వు పూర్తిగా తెరిచారో లేదో మళ్లీ చూస్తారు.