విప్పడానికి చుట్టిన పోగు, విప్పకూడని పోగు

ఆసు సంగతి తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2019లో ‘మల్లేశం’ సినిమా వచ్చాక, మగ్గం ముఖం చూడనివాళ్లకు కూడా ఆ అర్ధచంద్రపు చట్రం, దాని అంచున వరసగా నిలబడ్డ మేకులు, వాటి మధ్య అటూ ఇటూ ఊగే తల్లి చెయ్యి గుర్తుండిపోయాయి. ఒక్క చీరకు ఆసు పోయాలంటే ఆ చెయ్యి 9,000 సార్లు కదలాలి. కదలికకు మీటరు చొప్పున లెక్కేసినా తొమ్మిది కిలోమీటర్లు, కూర్చున్నచోటనే. ‘ఆసులో కండెలా తిరుగుతున్నాడు’ అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ తిరుగుడు భుజాన్ని ఏం చేస్తుందో నేత ఇళ్ల ఆడవాళ్లకు తెలుసు.

ఇదే చుట్టుడు ఇంకోచోట ఇంకో వేషంలో ఉంది. దాన్ని ఫిలమెంట్ వైండింగ్ అంటారు. సీఎన్‌జీ వాహనాల తేలిక సిలిండర్లు, రసాయనాలు మోసే పైపులు, రాకెట్ మోటారు గుల్లలు ఈ పద్ధతిలో తయారవుతాయి. పీఎస్‌ఎల్‌వీ మూడో దశలో ఘన ఇంధనం నింపే రెండు మీటర్ల వ్యాసపు గుల్ల కెవ్లార్ పోగుతో చేసిందే. అగ్ని క్షిపణులకు కావలసిన ఇలాంటి గుల్లల పని మన హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాలలో జరిగింది. నేను చూసింది అంత పెద్దది కాదు, పైపులు చుట్టే ఒక చిన్న షెడ్డు. స్టాండు మీద గ్లాస్ ఫైబర్ ఉండలు. వాటినుంచి పోగులు దువ్వెన పళ్లలాంటి దారుల్లోంచి జారి, ఎపాక్సీ తొట్టిలో మునిగి, తేనెలా సాగే రెజిన్‌తో బరువెక్కి, గిర్రున తిరిగే మాండ్రెల్ అనే ఉక్కు అచ్చు మీద పడుతున్నాయి. పోగును మోసే బండి పట్టాల మీద ఈ కొస నుంచి ఆ కొసకు పోతోంది, వస్తోంది. అది తిరిగొచ్చిన ప్రతిసారీ, నేత ఊరు పుట్టపాకలో ఒక వసారాలో ఆసు పోస్తుండగా చూసిన చెయ్యే కళ్లముందు మెదిలింది.

ఈ రెండింటి చుట్టరికం పోగుకు చోటు కేటాయించడంలో ఉంది. ఆసు పోసేది నూలును దాచుకోవడానికి కాదు. పేకలో ఏ పోగు ఎక్కడ పడాలో, దాని మీద ఏ రంగు ఎంతమేర ఉండాలో నేతకు ముందే నిర్ణయం కావాలి. అందుకే పోగులు వరస తప్పకుండా పక్కపక్కన పడాలి. ఆ వరస మీదే గీతలు గీసి, రబ్బరు పట్టీలతో కట్లు కట్టి, రంగులో ముంచుతారు. ఇక్కత్ అనేది ఈ పద్ధతినే. అలాగే గుల్ల చుట్టేటప్పుడూ ప్రతి పోగుకూ దారి ముందే లెక్కకట్టి ఉంటుంది. ఒక చుట్టు పూర్తిచేసి వచ్చిన పోగు, పాత దారిలోనే పడకుండా సరిగ్గా తన వెడల్పంత పక్కకు జరగాలి. ఎక్కువ జరిగితే సందు, తక్కువ జరిగితే గుట్ట. ఇక పోగు బిగువు సంగతి రెండుచోట్లా ప్రాణం లాంటిది. ఆసులో పోగు వదులైతే కట్టిన గుర్తు జారిపోతుంది, మాండ్రెల్ మీద వదులైతే పోగు అలలా ముడుచుకుని బరువు మోయదు.

అయితే పోగుకు చోటిచ్చే అధికారి మాత్రం వేరు. ఆసులో అది నమూనా గీసిన మనిషి. పూలు కావాలంటే పూలు, ఏనుగులు కావాలంటే ఏనుగులు. గుల్ల విషయంలో ఆకారమే అధికారి. లోపల ఒత్తిడి నిండిన గొట్టం చుట్టుకొలత దిశలో పడే బలం, పొడవు దిశలో పడే బలానికి సరిగ్గా రెట్టింపు. గొట్టం పగిలితే సాధారణంగా నిలువునా చీలేది అందుకే. ఒకే కోణంలో చుట్టిన పోగుతో ఈ రెండు బలాలనూ మోయించాలంటే, పోగు అక్షానికి దాదాపు 54.7 డిగ్రీల్లో వాలాలి. పైపులకు ఈ లెక్క హాయిగా కుదురుతుంది. రాకెట్ గుల్లకు రెండు చివరలా గుమ్మటాలు, ఒక్కో గుమ్మటం నడిమధ్యన రంధ్రం ఉంటాయి కాబట్టి వ్యవహారం ముదురుతుంది. బొంగరానికి తాడు చుట్టిన ప్రతివాడికీ ఈ చిక్కు తెలుసు: ఏటవాలు మీద తాడు దానికి నచ్చిన దారిలోనే నిలుస్తుంది, బలవంతపెడితే జారుతుంది. గుమ్మటం మీద పోగుకు నచ్చిన దారికి ఒక నియమం ఉంది. అక్కడి వ్యాసార్ధాన్ని, పోగు వాలు కోణపు సైన్‌తో గుణిస్తే వచ్చే విలువ దారి పొడవునా మారదు. అందుకే పోగు రంధ్రం అంచుకు చేరేసరికి, ఎవరూ తిప్పకుండానే, పూర్తిగా అడ్డం తిరిగి అంచును తాకుతూ వెనక్కి మళ్లుతుంది. ఆ మలుపు నాకు ఏ పోచంపల్లి అంచు కన్నా తక్కువ అందంగా కనిపించలేదు. గుమ్మటాన్ని దాటే ఆ చుట్లు గొట్టం నడుముకు చాలవు. దానికి విడిగా, గాజుల్లా అడ్డచుట్లు వేస్తారు.

ఇంకో తేడా. ఆసులో పోగు మీద పోగు ఎక్కితే చిక్కే, పని చెడినట్టే. గుల్ల మీద మాత్రం వాలుచుట్లు పోతూ వస్తూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ఉపరితలం మీద కనిపించే డైమండ్ గళ్లు అలా ఏర్పడ్డవే.

తప్పును చూసే తీరూ అంతే. రంగు కట్టు కిందకు కాస్త పాకడంతో, నేతలో పోగు వెంట్రుకవాసి జరగడంతో ఇక్కత్ పువ్వు అంచు మసకగా, ఈకలా విచ్చుకుంటుంది. ఆ మసకే ఇక్కత్‌కు ప్రాణం. అచ్చుగుద్దినట్టున్న అంచు చూస్తే అది చెయ్యి కాదని పట్టేస్తాం. గుల్లలో ఆ వెంట్రుకవాసికి క్షమాపణ లేదు. పైగా చీరలో తప్పు కంటి ముందే ఉంటుంది, నేతగాడు పేక పోగును వేలితో లాగి సరిచేస్తాడు. గుల్లలో తప్పు పదో పొర కింద దాక్కుని, ఒత్తిడి పెట్టిన రోజున బయటపడుతుంది.

‘ఈ విద్య మన నేతన్నలకు ఏనాడో తెలుసు’ అనే మాట సభల్లో విన్నాను. ఆ పొగడ్తతో రెండింటికీ అన్యాయమే జరుగుతుంది. ఆసు గొప్పది కావడానికి రాకెట్ సాక్ష్యం అక్కర్లేదు. అట్లాగే గుమ్మటం మీద పోగు నడకను కనిపెట్టిన లెక్కకు చీర ఆశీర్వాదమూ అక్కర్లేదు. నిజంగా ఈ రెండు లోకాలూ ఒకచోట తాకాయి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో ఆసు యంత్రం మొదలుపెట్టాడు. పోగును పక్క మేకుకు జరిపే ఆఖరి కదలిక ఏళ్ల తరబడి దొరకలేదు. బాలానగర్‌లో ఒక కర్మాగారంలో పనికి వెళ్లినప్పుడు అక్కడి యంత్రం కదలికలో దారి కనిపించింది. 1999లో యంత్రం పూర్తయింది, నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక చుట్టు తర్వాత పోగు ఎంత జరగాలన్నదే ఆయన్నీ అన్నేళ్లు ఆపిన ప్రశ్న. ఉక్కు మాండ్రెల్ దగ్గర నిలబడ్డవాళ్లు తమకు తాము వేసుకునేదీ అదే.

షెడ్డులో పైపు చివర కోసేసిన రింగు ఒకటి అడిగి తెచ్చుకున్నాను. వేలెడు వెడల్పు, తేనె రంగు, వెలుతురుకు పట్టి చూస్తే లోపల పోగుల గళ్లు. తర్వాతిసారి పుట్టపాక వెళ్లినప్పుడు ఆ వసారాలోని పెద్దావిడకు చూపించాను. ఒడిలో పెట్టుకుని గోటితో చుట్టూ తడిమింది.

“దీని కొస యాడుంది సారూ?”

“కనబడదమ్మా. ఆఖరి పొరలో కలిసిపోయి గట్టిపడింది.”

“మరి ఇప్పేదెట్ల?”

“విప్పరు.”

ఆమె తలూపింది. అయినా రింగు ఇంకోసారి తిప్పి, కొస కోసం వెతికింది.