శంకరానికి అమ్మమ్మ లేదా?

మొన్న వేసవి సెలవుల్లో మా ఇంట్లో మూడు తరాల ఆడవాళ్లం కూర్చుని 'శంకరాభరణం' చూశాం. అమ్మకి అది ఎన్నోసారో లెక్కలేదు. నేను చిన్నప్పుడెప్పుడో చూసి మళ్లీ ఇప్పుడే. పదేళ్ల మా అమ్మాయికి అదే మొదలు. సినిమా సగం దాటాక అది అడిగింది: "శంకరానికి అమ్మమ్మ లేదా? మరి సంగీతం క్లాసుకి ఎవరు తీసుకెళ్తారు?"

దాన్ని వారానికి రెండు సాయంత్రాలు క్లాసుకి తీసుకెళ్లేది మా అమ్మే. అందుకే దానికా సందేహం. నవ్వేసి ఊరుకున్నాం గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

శంకరానికి అమ్మమ్మ ఉంది. తులసి తల్లి. 1980లో వచ్చిన ఈ సినిమాలో కె. విశ్వనాథ్ ఆమెను కూతుర్ని బలవంతాన వృత్తిలోకి దింపే మనిషిగానే చూపించారు. తులసికి నాట్యం వచ్చు. సంగీతమంటే ప్రాణం. అవి ఆమెకు ఏ ఇంట్లో అబ్బాయి? ఆ ఇంటి ఆడవాళ్ల దగ్గర విద్య అనేదొకటి ఉండి ఉంటుందన్న ఊహకి కథలో చోటు లేదు. ఇక తులసి తన కొడుకుని శంకరశాస్త్రి దగ్గరికి పంపేటప్పుడు అనాథలా నటించమంటుంది. అంటే గురువుగారి గడప తొక్కాలంటే ఆ పిల్లవాడు ముందు తన తల్లినీ, ఆమె వెనకున్న ఇంటినీ చెరిపేసుకోవాలి. చివరికి గండపెండేరం వాడికే దక్కుతుంది. శాస్త్రిగారి కూతురు శారద కూడా ఆ ఇంట్లోనే పాడుతూ పెరిగింది, కానీ వారసత్వం ఆమెది కాదు. విచిత్రమేమంటే శంకరం వేషం వేసింది ఒక ఆడపిల్ల, బాలనటి తులసి. తెరమీద సంగీతం నేర్చిన ఆ ఆడపిల్ల మగపిల్లవాడిగానే కనబడింది.

గురువు నుంచి శిష్యుడికి, శిష్యుడి నుంచి మరో శిష్యుడికి: మనం పరంపర అనగానే తలుచుకునే వరస ఇదే. చరిత్రలో ఇంకో వరస కూడా ఉంది. వీణ ధనమ్మాళ్ (1867-1938) అమ్మమ్మ తంజావూరు ఆస్థానంలో నర్తకి. ధనమ్మాళ్ మనవరాళ్లు బృంద, ముక్త, బాలసరస్వతి. మద్రాసులోని ఆ తమిళ ఇంట్లో మన క్షేత్రయ్య పదాలు, జావళీలు ఆడవాళ్ల గొంతుల్లో భద్రంగా నిలిచాయి. బాలసరస్వతి నాట్యానికి ఆమె తల్లి జయమ్మాళ్ స్వయంగా పాడేది. 1973లో బాలసరస్వతికి, 1976లో బృందకి సంగీత కళానిధి బిరుదు వచ్చింది. ఆ ఇంట్లో అమ్మమ్మ మనవరాళ్ల సంచీ మోసే మనిషి కాదు, విద్య ఆమెదే.

ఇలా అంటున్నానని ఆ వ్యవస్థని నెత్తిన పెట్టుకోవడం లేదు. తులసి తల్లి చేసిన బలవంతం కట్టుకథ కాదు. ఆడపిల్లల్ని దేవుడికి అంకితం చేయడాన్ని 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం నిషేధించింది. అది అవసరమైన చట్టమే. అయితే ఆ దురాచారంతో పాటు ఆ స్త్రీల విద్వత్తునీ అవమానంలోకి నెట్టి, ఆ సంగీతాన్ని మాత్రం శుభ్రం చేసుకుని మావంటి 'మర్యాదస్తుల' ఇళ్లకు తెచ్చుకున్నాం. 'శంకరాభరణం' ఆ బదిలీని కన్నీళ్లతో, భక్తితో ఒప్పించిన సినిమా. అందుకే మనకంత నచ్చింది. నాకు ఇప్పటికీ నచ్చుతుంది. ఆ ఇష్టాన్నే ప్రశ్నించుకోవాల్సి వస్తోంది.

మరి మర్యాదస్తుల ఇళ్లలో అమ్మమ్మలకి ఏం మిగిలింది? మా అమ్మ పెళ్లికి ముందు వర్ణాల దాకా నేర్చుకుంది. అత్తవారింట్లో పాట ఆగిపోయింది. ఆ తర్వాత రేడియోలో భక్తిరంజని వింటూ వంటింట్లో కూనిరాగం తీయడమే. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఆటో ఎక్కి మనవరాలిని తీసుకెళ్తుంది. తన పింఛనులోంచి ఫీజు కడుతుంది. గంటసేపు బయట బెంచీ మీద కూర్చుంటుంది. ఒకసారి ఇంట్లో పాప గమకం తప్పితే దిద్దింది. "ఇంట్లో ఎవరూ దిద్దకండి, పాఠాంతరం చెడుతుంది" అని క్లాసులో చెప్పి పంపారు. అమ్మ మారు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆడవాళ్ల గుర్తింపులేని చాకిరీ మీద వ్యాసాలు రాసే నేను, ఇంట్లో దానికి 'అమ్మమ్మ ప్రేమ' అని పేరు పెట్టుకుని నిశ్చింతగా ఉద్యోగానికి వెళ్లాను.

సినిమా అయ్యాక అమ్మని అడిగాను, నీకొచ్చిన వర్ణం పాడమని. "స్వరాలు గుర్తున్నాయే, సాహిత్యం పోయింది" అంది. స్వరాలే పాడింది, రెండు చోట్ల ఆగి. పాప నోటు పుస్తకం తెచ్చి రాసుకుంది. పైన గురువు పేరు రాసేచోట ఏం రాయాలని నన్నడిగింది. అమ్మమ్మ అని కాదు, అమ్మమ్మ పేరు రాయమన్నాను.

"అమ్మమ్మ పేరేంటి?" అంది అది.