నాటిన మొక్క, పీకిన మొక్క

ఆఫ్రికా సాహిత్యం అనగానే తెలుగు పాఠకులకి వెంటనే గుర్తొచ్చే పుస్తకాలు కొన్నే. సహవాసి అనువదించిన 'ఏడు తరాలు' (నిజానికి అది అమెరికా నల్లజాతి రచయిత పుస్తకం), అచెబె 'చెదిరిన సమాజం', గూగీ జైల్లో రాస్తే వరవరరావు జైల్లోనే తెలుగు చేసిన 'మట్టికాళ్ళ మహారాక్షసి'. ఈ పుస్తకాలు మనకి చేసిన మేలు చిన్నది కాదు. బానిసత్వాన్నీ వలస పాలననీ కొత్త దొరల దోపిడీనీ మన కళ్ళముందు పెట్టాయి. కానీ ఈ అరలో ఉన్నవాళ్ళందరూ మగవాళ్ళే. ఒకోంక్వో భార్యలు మనకి తెలుసు, గూగీ వరీంగా తెలుసు. తమ కథ తామే రాసుకున్న ఆఫ్రికా స్త్రీలు మన చర్చల్లో ఎంతమంది వినిపిస్తారు? నైజీరియా రచయిత్రి ఫ్లోరా న్వాపా 'ఎఫురు' నవల 1966లోనే వచ్చింది. సెనెగల్ రచయిత్రి మరియామా బా నవల, ఒక భార్య తన స్నేహితురాలికి రాసుకున్న సుదీర్ఘమైన ఉత్తరం, 1979లో వచ్చింది.

ఆఫ్రికా సమాజాల మీద ఎం.ఏ. చదవడానికి వెళ్ళినప్పుడు ఈ లోటు తీరుతుందనుకున్నాను. మన దేశంలో ఈ చదువు కొత్తదేం కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా అధ్యయన శాఖ బాండుంగ్ సమావేశం జరిగిన 1955లోనే మొదలైంది. ముంబై విశ్వవిద్యాలయంలో 1971లో కేంద్రం ఏర్పడింది. వలస పాలన నుంచి బయటపడుతున్న దేశాల మధ్య స్నేహం దీని వెనకున్న ఊహ. నేను చదివినచోట మాత్రం ఆ స్నేహం దౌత్యం, వాణిజ్యం, భద్రత అనే పాఠాలుగా మారిపోయింది. స్త్రీల రచనలన్నీ 'జెండర్' అనే ఒక్క వారంలో సర్దుకున్నాయి. ప్రవేశానికి ఇంటర్వ్యూ చేసినప్పుడు, నేను ములకలపల్లి దగ్గరి కోయ గూడెం నుంచి వచ్చానని తెలిసి, "ట్రైబల్ స్టడీస్ తీసుకోకపోయావా అమ్మా" అన్నారొకరు. నన్ను నేను చదువుకోవచ్చు, నన్ను ఇంకొకరు చదవచ్చు. నేను ఇంకొకరిని చదవడమే వింత.

నిజానికి మేమూ ఆఫ్రికా గ్రామాలూ ఎప్పటినుంచో ఒకే అరలో ఉన్నాం. గోదావరి కొండరెడ్ల మీద 1945లో పుస్తకం రాసిన హైమండార్ఫ్, నిజాం ప్రభుత్వంలో గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేసి, తర్వాత లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల సంస్థలో ఆచార్యుడయ్యాడు. ఆ సంస్థ 1916లో ప్రాచ్య విద్యల కోసమే పుట్టింది. ఆఫ్రికా దాని పేరులోకి 1938లో వచ్చింది. మమ్మల్నీ వాళ్ళనీ కలిపి కట్టిన తాడు ఒక్క మాట: 'ట్రైబ్'. దక్షిణాఫ్రికా మేధావి ఆర్చీ మఫేజె 1971లోనే ఈ మాటని నిలదీశాడు. వలస పాలన పల్లెల్లో జనాన్ని తెగలుగా విడగొట్టి, ఒక్కో తెగ మీదా ఒక్కో పెద్దని కూర్చోబెట్టి ఎలా ఏలిందో 1996లో మహమూద్ మమ్దానీ వివరించాడు.

చదివినప్పుడు సంతోషంగా అనిపించింది. కానీ తరగతిలో ఆ మాటని కొట్టేసినంత తేలిగ్గా మా మండలంలో కొట్టేయలేం. 1/70 చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా ఆపుతున్నది ఆ మాట ఆధారంగానే. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి హక్కు అడగాలన్నా ఆ మాటే కావాలి. అవమానంగా వచ్చిన పేరే ఇవాళ మాకు కంచె. మఫేజె మాటని గౌరవిస్తూనే, అది ఏ నేల మీద నిలబడి చెప్పిందో అడగాలి.

స్త్రీవాద సిద్ధాంతం విషయంలోనూ ఇదే చిక్కు. నైజీరియా పండితురాలు ఒయెరోంకే ఒయెవూమి 1997లో రాసిన పుస్తకంలో ఒక పెద్ద మాట అంది. యొరుబా భాషలో సర్వనామాలకి ఆడామగా తేడా లేదు, పెద్దాచిన్నా తేడానే ముఖ్యం, 'స్త్రీ' అనే సామాజిక వర్గాన్ని తెచ్చిపెట్టింది వలస పాలనే అని ఆమె వాదన. వినడానికి ఎంతో బావుంటుంది. మన ఇళ్ళకి తెచ్చి చూస్తే? తెలుగులో 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది'. క్రియ ఒక్కటే. 'వాళ్ళు వచ్చారు' అన్నప్పుడు మాత్రం మనం మనుషుల్లో చేరతాం. కోయ భాషది గోండీ కుదురు. ఆ కుదురులో బహువచనంలో కూడా మగవాళ్ళు ఒకపక్క, ఆడవాళ్ళూ పశువులూ వస్తువులూ ఇంకోపక్క. ఈ వ్యాకరణాన్ని తెల్లవాడు తేలేదు. అలాగని దానితోనే అంతా తేలిపోదు. ఆ భాష మాట్లాడే ఆడవాళ్ళే యాభై ఆకుల తునికాకు కట్టలు కట్టి, కల్లంలో లెక్క తప్పితే నిలబడి పోట్లాడతారు. భాషలో తేడా లేనంత మాత్రాన అధికారం లేనట్టు కాదని ఒయెవూమికి జవాబు చెప్పిన బీబీ బకారే యూసుఫ్ కూడా నైజీరియా స్త్రీయే. ఆఫ్రికా స్త్రీవాదం ఒకే గొంతు కాదు. ఒక్క వారం పాఠంలో పట్టనిది ఈ తగవే.

వంగారి మాథాయ్‌ని చదివినప్పుడు నాకు మరీ ఇబ్బంది కలిగింది. కెన్యాలో 1977లో ఆమె మొదలుపెట్టిన గ్రీన్‌బెల్ట్ ఉద్యమంలో పల్లె ఆడవాళ్ళు నారుమళ్ళు పెంచి మొక్కలు నాటారు. కరూరా అడవిని బిల్డర్ల పాలు చేస్తుంటే 1999లో అక్కడ మొక్క నాటబోయి ఆమె తల పగలగొట్టించుకుంది. 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అక్కడ మొక్క నాటడమంటే ఈ నేల మాది అని చెప్పడం. మరి ఇక్కడ? పోడు చేసుకుంటున్న చేలల్లో టేకూ జామాయిలూ నాటారు. 2015లో మొదలైన హరితహారం మొక్కలూ పోడు భూముల్లోకి వచ్చాయి. అడ్డుపడింది ఆడవాళ్ళు. మొక్క పీకిన చేతులూ నేల కోసమే లేచాయి. పైగా అడవి లోపల సాగుచేసుకునే 'షాంబా' పద్ధతిని మాథాయ్ గట్టిగా వ్యతిరేకించింది. ఆమె మా గూడేనికి వచ్చి ఉంటే మా అత్తలు ఆమెతో తప్పకుండా వాదులాడేవాళ్ళు. ఆమె గొప్పతనం దీనితో తగ్గదు. పర్యావరణ స్త్రీవాదం పేరుతో ఆమెని పటం కట్టి పూజించేవాళ్ళు ఈ వాదన వినాలని మాత్రం నా కోరిక.

వాదన లేకుండా నన్ను పట్టుకున్న పుస్తకం మరియామా బాది. భర్త పోయాక రమతులాయికి ఒక సంగతి తెలుస్తుంది. ఇద్దరి సంపాదనతో కొన్న ఇంటిని అతను తాకట్టు పెట్టి, రెండో భార్యకి ఇల్లు అమర్చాడు. కాగితం అతని పేరు మీద ఉంది కాబట్టి అది సాధ్యమైంది. విమర్శకులు ఆ నవలలో బహుభార్యాత్వం గురించీ స్నేహం గురించీ ఎంతో రాశారు. ఆ కాగితం దగ్గర ఇంకాస్త ఆగాలి. మన అటవీ హక్కుల చట్టంలో పెళ్ళయినవాళ్ళ పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలని రాసి ఉంది. 2023లో పోడు పట్టాలు పంచినప్పుడు మా గూడెం ఆడవాళ్ళు కాగితం నా చేతికిచ్చి అడిగింది ఒక్కటే: "ఇందులో నా పేరుందా పిల్లా?"

డకార్ టీచరమ్మ ఇల్లూ ములకలపల్లి పోడు చేనూ ఒకటి కావు. కానీ ఆ ప్రశ్న ఒకటే. ఆఫ్రికా చదువు మా ఆడపిల్లలకి ఎందుకని అడిగేవాళ్ళకి నా జవాబు ఇది: ఆ పుస్తకాలు మా కోసం రాసినవి కాదు, అయినా వాటితో మాకు తేల్చుకోవలసిన లెక్కలున్నాయి. వాటిని తెలుగులోకి తేవాలి, ఆడవాళ్ళవి ముందు తేవాలి. అప్పుడు మాథాయ్‌తో మా అత్తలు నేరుగా వాదించుకుంటారు. మధ్యలో నా ఎం.ఏ. అవసరం ఉండదు.