మూడే మూడు అంగలు

2024 ఆగస్టులో ప్యారిస్ ఒలింపిక్స్‌లో జ్యోతి యర్రాజి వంద మీటర్ల హర్డిల్స్‌కు నిలబడ్డప్పుడు, దాదర్‌లో మా పక్కింటి పెద్దమ్మ టీవీ ముందు కూర్చొని "అంత పొడుగు పిల్లకు గవి దాటుడెంత పని బిడ్డా!" అంది. విశాఖ బడిలో పీఈటీ సారు కంటపడింది కూడా ఆ పొడుగే.

ఈ ఆటలో చిక్కంతా ఆ పొడుగుతోనే. ఆడవాళ్ళ హర్డిల్ 84 సెంటీమీటర్లు. దాన్ని దాటడం జ్యోతికి లెక్క కాదు. హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య 8.5 మీటర్ల నేలతోనే తంటా. అక్కడ మూడే అంగలు వెయ్యాలి. నాలుగోది పడితే దాటే కాలు మారిపోతుంది. పొట్టివాళ్ళు అంగ సాగదీస్తారు, పొడుగువాళ్ళు కుదించుకోవాలి, అదీ జోరు తగ్గకుండా. సాయంత్రం ఏడింటికి దాదర్ స్టేషన్ బ్రిడ్జి మీద లోకల్ అందుకోవాలని పరిగెత్తే పొడుగాటి మనిషిని చూడండి, తెలుస్తుంది. దాటిన కాలు గాల్లో తేలకుండా వెంటనే నేలను తొక్కాలి, వెనక కాలి మోకాలు చంక దాకా లేచి ముందుకు రావాలి. హైదరాబాద్‌లో నాగపురి రమేశ్, భువనేశ్వర్‌లో జేమ్స్ హిలియర్ ఏళ్ళ తరబడి ఆమెతో దిద్దించింది ఇవే.

వాచీ మాత్రం ఆమెను బాగా ఏడిపించింది. 2022లో కోజికోడ్‌లో 13.09 సెకన్లలో ముగిస్తే, వెన్నుగాలి సెకనుకు 2.1 మీటర్లుందని, అంటే హద్దు కంటే 0.1 ఎక్కువని, రికార్డుగా ఒప్పుకోలేదు. మరుసటి నెల సైప్రస్‌లో 13.23 పరిగెత్తి, 2002 నాటి అనురాధా బిశ్వాల్ రికార్డు చెరిపేసింది. అదే అక్టోబరులో 12.82. పదమూడు సెకన్ల లోపు వచ్చిన తొలి భారతీయురాలు. ప్యారిస్‌కు నేరుగా వెళ్ళాలంటే 12.77 కావాలి. చెంగ్దూలో 12.78, ఫిన్లాండ్‌లో మళ్ళీ 12.78! చివరికి ర్యాంకింగ్ మీద వెళ్ళింది. ఒలింపిక్స్‌లో ఈ పోటీకి దిగిన తొలి భారత మహిళ ఆమే. హీట్‌లో ఏడో స్థానం, ఓడినవాళ్ళకు రెండో అవకాశమిచ్చే రెపచాజ్‌లోనూ ఇంటిదారి. మన పేపర్లు "నిరాశ" అని ఒక్క ముక్కలో తేల్చేశాయి. సెక్యూరిటీ గార్డు కూతురు అక్కడి గీత దాకా ఎలా వచ్చిందో రాయడానికి మాత్రం చోటు చాల్లేదు కాబోలు.

2025 మేలో కొరియాలోని గుమిలో ఆసియా స్వర్ణం నిలబెట్టుకుంది, 12.96తో పోటీల రికార్డు. రెండు నెలలు తిరక్కుండానే మోకాలి లిగమెంటు దెబ్బతిని ఆపరేషన్ అయింది. గుమి పరుగు వీడియో దొరికితే చూడండి. హర్డిల్స్ వైపు చూడకండి, వాటి మధ్య నేల మీద ఆ అంగలు చూడండి.