ఎవరికి వింత? అగ్గిపెట్టె చీర నుంచి లంద దాకా

వింత వస్తువులతో కళ సృష్టించేవాళ్ల గురించి మన పత్రికలు రాయడం కొత్త కాదు. బియ్యపుగింజ మీద బొమ్మ, సబ్బుబిళ్లలో శిల్పం, పెన్సిల్ మొన మీద గుడి. జిల్లా పేజీలో ఒక ఫోటో, పక్కన నాలుగు వాక్యాలు, చివర 'ప్రభుత్వం ఆదుకోవాలి' అన్న మాట. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వార్తల్లో ఇట్లాంటివి చాలానే వస్తయి. అదే పేజీల్లో మల్యాల చుట్టుపక్కల తోలుతోని, చింతగింజతోని పనిచేసినోళ్ల ఊసు కళ కింద రాదు. వస్తే గిస్తే కొండగట్టు జాతర వార్తలో 'డప్పు చప్పుళ్ల మధ్య' అన్న ఒక్క ముక్క. కొట్టినోడెవడో, ఆ డప్పు చేసినోడెవడో ఉండదు. ఈ తేడా ఎక్కడిది అన్నదే మా ప్రశ్న.

ముందు సిరిసిల్లనే తీసుకుందాం. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి పేరు తెచ్చుకున్న నల్ల పరంధాములు, ఆ పనిని అందుకున్న ఆయన కొడుకు విజయ్ ఆ ఊరి నేతకారులే. విజయ్ తన చీరను 2022 జనవరిలో హైదరాబాదులో మంత్రుల ముందు విప్పి చూపిండు. వెల్ది హరిప్రసాద్ జీ-20 చిహ్నాన్ని మగ్గం మీద నేసి పంపితే, 2022 నవంబర్‌లో ప్రధాని తన రేడియో ప్రసంగంలో ఆయన పేరు తీసిండు. వీళ్ల పనితనాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అంత సన్నటి పోగును తెగకుండా నడిపించడానికి ఎంత ఓపిక, ఎంత చేతివాటం కావాలో మగ్గం ఎరిగినోళ్లకు తెలుసు. మా పేచీ మెచ్చుకున్న తీరుతోనే. ఆ మెప్పులో చీర ఎంత చిన్నగైందన్నదే ఉంటది, నేత ఉండదు. 2000 దశకం తొలి ఏండ్లలో నేతకార్మికుల ఆత్మహత్యలతో ఇదే ఊరిని 'ఉరిసిల్ల' అని రాసిన్రు. మరమగ్గాల మీద పాలిస్టర్ బట్టను మీటర్ల లెక్కన నేసినోడు చచ్చినంక లెక్కల్లో ఒక అంకె అయిండు. ఒక్కణ్ని అద్భుతం చేసి, ఆ ఒక్కడు పుట్టిన పనివాళ్ల గుంపును కనపడకుండా చేయడం ఈ 'వింత' వార్తల అసలు గుణం.

అయినా నేతకారునికి ఒక వెసులుబాటు ఉంది. నూలు అంటరానిది కాదు. చీరను మంత్రి చేతికి ఇయ్యొచ్చు, దేవునికి కట్టొచ్చు. తోలు సంగతి అట్లా కాదు.

మాదిగవాడలో లంద అంటే తోలును పదును పెట్టే తొట్టి. చచ్చిన పశువును ఊరి బయటకు ఈడ్చుకపోయి, కోత పడకుండా తోలు వొలిచి, సున్నపు నీళ్లల్ల నానబెట్టి, బూరు గీకి, తర్వాత తంగేడు చెక్క దంచి కలిపిన నీళ్లల్ల వేస్తరు. ఎన్నిరోజులుంచాలె, ఎప్పుడు తిప్పాలె అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. వాసనను బట్టి, వేలితో ఒత్తి చూసి తెలుసుకునేది. ఈ పనిలో మాదిగ ఆడోళ్ల పాలు తక్కువది కాదు. ఆ తోలే చెప్పయ్యింది, వారయ్యింది, మోటబొక్కెనయ్యి బాయిలోంచి నీళ్లు తోడి దొర పొలం పారించింది. ఇది రసాయనశాస్త్రం. చదువుకున్నోళ్ల నోట మాత్రం 'లంద కంపు' ఒక తిట్టుగా మిగిలింది.

ఇంకో సంగతి చెప్పాలె. తంగేడు పువ్వు బతుకమ్మలో పేర్చేది, తెలంగాణ రాష్ట్రపు పువ్వు. అదే చెట్టు చెక్క లందలో పడేది. పువ్వుకు పండుగ, చెక్కకు కంపు. 2017 నుంచి కొన్నేండ్లు సర్కారు పంచిన బతుకమ్మ చీరలు నేసింది సిరిసిల్లనే. పువ్వు వార్తయింది, చీర వార్తయింది. చెక్క సంగతి ఎవరూ రాయలేదు.

డప్పు దగ్గర పని మారుతది. చెప్పు తోలు మెత్తబడాలె, డప్పు తోలు బిర్రుగుండాలె. అందుకే దీనికి పచ్చితోలు కావాలె. కట్టెతో చేసిన గుండ్రటి చట్రానికి చింతగింజల అంబలి పూసి, మేకతోలో దూడతోలో బిగదీసి ఎండబెడతరు. కొట్టే ముందు మంట మీద కాపుతరు. చల్లబడితే చప్పుడు చస్తది కాబట్టి మళ్లీ కాపుతరు. ఒక చేత చిర్ర, ఇంకో చేత సిటికెన పుల్ల. చావుకొక దెబ్బ, పెండ్లికొక దెబ్బ, చాటింపుకొక దెబ్బ. చింతగింజ, చచ్చిన తోలు, నిప్పు. ఇంతకన్న విచిత్రమైన ముడిసరుకులు ఏ కళాకారుడు వాడిండు? మరి వింత అని ఎందుకు అనరు? వింత అనాలంటే ముందు కళ అని ఒప్పుకోవాలె గదా. డప్పును వాళ్లు కళ అని కాదు, వెట్టి అని చూసిన్రు.

చింతగింజ జిగురుకే ఇంకో చోట మర్యాద దొరికింది. చేర్యాల నకాషీ పటాలకు బట్ట మీద గంజి, సుద్దమన్ను, చింతగింజ జిగురు పట్టిస్తరు. పద్మశాలీల పురాణం చెప్పే కూనపులోళ్లకు, మాదిగల జాంబపురాణం చెప్పే డక్కలోళ్లకు పటం రాసిచ్చింది ఈ నకాషీలే. అంటే సిరిసిల్ల సాలోళ్ల కథ, మల్యాల మాదిగల కథ ఒకే తీరు బట్ట మీద, ఒకే జిగురు మీద నిలబడ్డవి. ఇప్పుడు ఆ పటం ముక్కలై, పల్లె బొమ్మలై, డ్రాయింగు రూముల్లోకి పోయింది. గోడకు ఎక్కినప్పుడు కులకథ రాలిపోయింది.

డక్కలోళ్ల మాట వచ్చింది కాబట్టి దర్శనం మొగులయ్యను తలుచుకోకుండా ఉండలేం. వెదురు, ఎండు సొరబుర్రలు, తేనెమైనం కలిస్తే ఆయన పన్నెండు మెట్ల కిన్నెర. 2021లో సినిమా పాటతో ఊరూరా తెలిసిండు, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కూలిపనికి పోతున్నడని పత్రికలే రాసినయి. 'అరుదైన వాయిద్యం' అని అందరూ రాసిన్రు. అరుదు ఎందుకైందని అడిగినోళ్లు తక్కువ. ఆశ్రిత కులంగా మాదిగల ముందు చేయి చాచి బతికే డక్కలోళ్లను మాదిగలమైన మనమే ఇంట్లోకి రానియ్యలేదు. ఈ మాట అగ్రకులాలను తిట్టే నోటితోనే ఒప్పుకోవాలె, లేకుంటే మన విమర్శ సగమే.

ప్రపంచ కళాచరిత్ర ఇదే సంగతిని ఇంకో దిక్కు నుంచి చూపెడతది. 1917లో మార్సెల్ డుషాంప్ కొనుక్కొచ్చిన మూత్రపు తొట్టి మీద సంతకం పెట్టి న్యూయార్క్ ప్రదర్శనకు పంపిండు. అప్పుడు పక్కన పెట్టినా, తర్వాత అది ఆధునిక కళకు మైలురాయి అయింది. ఆ తొట్టిని కడిగే చేతికి మైలురాయి లేదు. మన దేశంలో చేతులతో మలం ఎత్తే పనిని ఆపమని 1993లో ఒక చట్టం, చాలక 2013లో ఇంకో చట్టం చేయాల్సొచ్చింది. డుషాంప్‌కు ఆ వస్తువు ఒక ఆలోచన, మనోళ్లకు అది పుట్టుకతో అంటగట్టిన పని. ఘానాలో పుట్టిన ఎల్ అనట్సుయ్ తీరు వేరు. పారేసిన సారాసీసా మూతలను సాపుచేసి, రాగితీగతో కుట్టి, బట్టలాగ పరిచిండు. ఆ సారా బానిసల వ్యాపారంలో తన జనం మెడకు చుట్టుకున్న సరుకే అని ఆయనకు ఎరుకే. వస్తువుకున్న చరిత్రను దాచకుండా దాన్ని వాడిండు. మాకు కావాల్సిన కొలమానం ఇదే: వస్తువు వింతదా అని కాదు, దాని వెనుకున్న చేతులు పనిలో కనపడుతున్నయా అని.

ఈ కొలమానంతో మన ఉద్యమాన్నీ చూడాలె. వెట్టి చెయ్యమని 1978లో జైత్రయాత్ర నడిచిన నేల ఇది. చావు డప్పు కొట్టం అనడం ఆనాడు ఆత్మగౌరవం. 1994లో మొదలైన దండోర అదే డప్పును భుజానికెత్తుకొని సభకు పిలిచింది. అదీ ఆత్మగౌరవమే. రెండింటి మధ్య వైరుధ్యం ఉందని కొందరు మిత్రులంటరు. మాకట్లా అనిపించదు. దొర పిలిస్తే కొట్టనని అన్నోడే తన మనుషులను పిలవడానికి కొట్టగలడు.

చిక్కు ఇంకోచోట ఉంది. ఇయ్యాల సభల్లో, కాలేజీ వేదికల మీద ఎక్కువగా మోగేది ఫైబర్ డప్పు. దానికి తోలక్కరలేదు, మంటక్కరలేదు, వానలో తడిసినా చల్లబడదు. మాదిగ పిల్లలు మళ్లీ లందలో చెయ్యి పెట్టాలని అడిగే హక్కు ఎవరికీ లేదు, పరిశోధకులమని చెప్పుకునే మాకు అసలే లేదు. తోలు చప్పుడే అసలు చప్పుడని వాదించే కళాప్రియులు ముందు ఒక తోలు వొలిచి రావాలె. ముంబైలో సుధీర్ రాజ్‌భర్ అనే కళాకారుడు 2015 గోమాంస నిషేధంతో పని పోయిన చర్మకారులతో, తోలు బదులు పాత రబ్బరుతో సంచులు కుట్టిస్తూ, ఆ పనికి 'చమార్' అన్న పేరే పెట్టిండు. తోలు పోయింది గని కుట్టే చెయ్యి, కులం పేరు రెండూ సరుకు మీదనే ఉన్నయి. మన ఫైబర్ డప్పు మీద ఎవరి పేరూ లేదు. తోలు బిగదీసిన చేతికి దానిలో పనిలేదు, చింతగింజ అంబలి వండిన అవ్వకు కూలి లేదు. డప్పు ఊరూరా మోగుతుంటే డప్పు చేసేటోడు కూలికి పోతున్నడు. కోరుట్లలోనో జగిత్యాలలోనో ఒక డప్పు కొనేటప్పుడు ఆ దుకాణం ఎవరిదో, అది ఏ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందో, మన సంఘం కట్టిన పైసలు ఎవరి గల్లాలో పడ్డయో అడుగుదాం.