గళ్ళ తెర, బొమ్మల తెర

నీల్ స్టీఫెన్‌సన్ 1999లో రాసిన ‘ఇన్ ది బిగినింగ్ వాజ్ ది కమాండ్ లైన్’ చిన్న పుస్తకం. నవలాకారుడి చేతిలో పడ్డ కంప్యూటర్ పాఠం కాబట్టి ఆపకుండా చదివిస్తుంది. వాదన సూటిగా ఉంటుంది. కమాండ్ లైన్ అంటే మాటలు. కావాల్సింది టైపు చేస్తే యంత్రం చేసిపెడుతుంది. 1984లో మ్యాకింటాష్, 1995లో విండోస్ 95 జనానికి అలవాటు చేసిన బొమ్మల తెర మాత్రం మధ్యవర్తి. డిస్నీ వాళ్ళ వినోద లోకంలాగా అన్నీ అందంగా అమర్చి అసలు సంగతిని వెనక దాస్తుంది.

ఇందులో సగం నాకూ ఒప్పుదలే. వంద ఫైళ్ళలో ‘గోదావరి’ అన్న మాట ఎన్ని వరసల్లో ఉందో తెలుసుకోడానికి యూనిక్స్‌లో రెండు చిన్న ఆజ్ఞలు, మధ్య ఒక నిలువు గీత చాలు. బొమ్మల తెరలో అయితే ఆ పనికి ఎవరో ముందే బటన్ పెట్టి ఉండాలి. మెనూలో ఉన్నదే అడగగలం.

మిగతా సగంతోనే పేచీ. అక్షరమే యంత్రానికి దగ్గరి దారి అంటాడు సరే, ఎవరి అక్షరం? కమాండ్ లైన్ తెర గళ్ళ కాయితం లాంటిది. గడికో అక్షరం, అన్నీ ఒకే వెడల్పు. ఇంగ్లీషుకి అది సరిపోయింది. మన ‘స్త్రీ’ని ఏ గడిలో పెడతాం? కంటికి ఒకటే అక్షరం, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. ఇప్పటికీ చాలా టెర్మినళ్ళలో తెలుగు విడిపోయి, ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తుంది. డాస్ రోజుల్లో మన లిపులు చూపించడానికి ‘జిస్ట్’ అని విడిగా కార్డే చెయ్యాల్సొచ్చింది. తెరని చుక్కచుక్కగా గీయడం వచ్చాకే తెలుగు కుదురుగా కూర్చుంది. ఆయన అలంకారం అనుకున్న తెరే మనకి పలక.

పైగా మాటా బొమ్మా ఎప్పుడూ శత్రువులు కావు. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం ఒకరకంగా ఆజ్ఞ ఇవ్వడమే. తర్వాత వచ్చిన లేఖిని, ఒక పెట్టెలో కొడుతుంటే ఇంకో పెట్టెలో తెలుగు అప్పటికప్పుడు చూపించింది. నెట్‌లో ఎంతోమంది తెలుగు రాయడం మొదలుపెట్టింది అట్లాగే.

నేనుండే జైపూర్‌లో సింగరేణి వాళ్ళ 1200 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. 2016లో మొదలైంది. ఈ కాలపు కేంద్రాల కంట్రోల్ రూముల్లో బాయిలర్, టర్బైన్ తెర మీద బొమ్మలై ఉంటాయి. మౌస్ నొక్కితే పంపు నడుస్తుంది. తెలుగు మీడియంలో చదివి ఐటీఐ చేసిన పిల్లలకి అట్లాంటి తెర పెద్ద ఆసరా. దాన్ని డిస్నీ ఆటతో పోల్చి తీసెయ్యలేం. కానీ ఏ షరతులు కలిస్తే ఆ పంపు దానంతటదే ఆగిపోవాలో రాసిన లాజిక్ బొమ్మ వెనక ఉంటుంది. అది చదవగలిగినవాడి ఉద్యోగం వేరు, జీతం వేరు.

తీరిక లేకే జనం తెర వెనక్కి వెళ్ళరని స్టీఫెన్‌సన్ లెక్క. మా దిక్కు అడ్డం పడేది ఇంగ్లీషు. మెనూలని తెలుగు చేసుకున్నాం, మంచిదే. మెనూ వెనక ఏం జరుగుతుందో పదో తరగతి పిల్లకి అర్థమయ్యే తెలుగులో చెప్పే పుస్తకాలు రావాలి. ఆ పని చెయ్యాలనుకునేవాళ్ళు ఈ పుస్తకం తప్పక చదవాలి, దానితో దెబ్బలాడుకుంటూ.